మార్పులు చేసిన పాత స్పోర్ట్స్ కార్లకి మార్కులు ఎలా వెయ్యాలండీ? (జడ్జీని నేనే, కాపాడండి)

కాలవగట్టు_కుర్రాడు | జనవరి 7, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. పండక్కి ముందే ఇంటికొచ్చిన పాపానికి ఇరుక్కున్నాను. రాజోలు పక్కన మా ఊళ్లో ఈసారి ముక్కనుమ నాడు ముగ్గుల పోటీతో పాటు పాత కార్ల పోటీ కూడా పెట్టారు. హైదరాబాదులో ఉద్యోగం ఉంది, లాప్‌టాప్ ఉంది, సొంత కారు లేదు కాబట్టి పక్షపాతం ఉండదు. ఈ మూడు అర్హతలూ చూసి కమిటీవాళ్లు నన్ను జడ్జీని చేసేశారు.

ఒరిజినల్ కార్ల విభాగం మా ఊరి డాక్టరుగారిది. ఆయన హాయిగా ఉన్నారు. నా నెత్తిన పడింది "మార్పులు చేసిన పాత స్పోర్ట్స్ కార్లు". ఇప్పటిదాకా నాలుగు పేర్లొచ్చాయి. ఒకటి 1966 స్టాండర్డ్ హెరాల్డ్, టాపు తీసేసి రెండు సీట్లు చేసి మారుతి జిప్సీ ఇంజిన్ పెట్టారు. రెండోది భీమవరం చెరువులాయన శాన్ స్టార్మ్. మూడోది నర్సాపురం నుంచి స్ప్రింగులు కోయించుకుని నేలమీద పాకుతూ వచ్చే కాంటెస్సా. నాలుగోది అంబాసిడర్.

అంబాసిడర్ స్పోర్ట్స్ కారెలా అయిందండీ అని అడిగాను. "టాపు కోసేశాం, వెనకాల రెండే సీట్లు" అన్నాడు దాని యజమాని. ఎందుకు కోశారంటే, పెళ్లి ఊరేగింపులకి తిప్పుతున్నాడట. ఆ రెండు సీట్లూ పెళ్లికొడుక్కీ పెళ్లికూతురికీ.

మొత్తం 100 మార్కులు. దేనికెన్ని వెయ్యాలో పెద్దలు చెప్పండి.

ఫియట్_మాస్టారు | జనవరి 7, రాత్రి 10:02

బాబూ, ముప్ఫై రెండేళ్లు పేపర్లు దిద్దాను. కాపీ కొట్టిన పేపరుకి మార్కులు ఎలా వెయ్యాలని ఇంతవరకూ నన్నెవరూ అడగలేదు. మార్చిన కారుకి సున్నా. ఇక చర్చేముంది?

నా ప్రీమియర్ పద్మిని 1978 మోడల్. అదే 1089 సీసీ ఇంజిన్, అదే హ్యాండ్ గేరు, అదే తెలుపు. ఒక్క మేకు మార్చలేదు. అంబాజీపేట వచ్చి ఎవరైనా చూసుకోవచ్చు. డాక్టరుగారి విభాగానికి నా పేరు ఇచ్చేశాను.

లంక_మెకానిక్ | జనవరి 7, రాత్రి 10:15

మాస్టారూ, కారుకి మేకులు ఉండవండి, బోల్టులుంటాయి. ఆయ్.

పూతరేకు | జనవరి 7, రాత్రి 10:17

😂😂 మొదటి పేజీలోనే మాస్టారికి రెండు మార్కులు కట్.

డల్లాస్_గోదారి | జనవరి 8, ఉదయం 6:30

తమ్ముడూ, ఇక్కడ ఇదంతా పెద్ద శాస్త్రం. కాలిఫోర్నియాలో పెబుల్ బీచ్ అని పాత కార్ల పోటీ 1950 నుంచి జరుగుతోంది, సముద్రం పక్కన పచ్చిక మీద. కారు ఫ్యాక్టరీ నుంచి ఎలా బయటికొచ్చిందో అలాగే ఉందా అని చూస్తారు. జాగ్వార్ క్లబ్బుల పోటీల్లో అయితే ప్రతి కారుకీ ముందే వంద వేసేసి, కనిపించిన ప్రతి తప్పుకీ కోసుకుంటూ పోతారు. తమాషా ఏంటంటే, కొన్ని పోటీల్లో కంపెనీ చేసినదానికంటే ఎక్కువ మెరిపించినా తప్పే. అప్పట్లో ఆ ఫ్యాక్టరీలో రంగు అంత నున్నగా వెయ్యలేదు కదా అంటారు.

మార్పులు చేసినవాటి లోకం వేరు. ఇక్కడ సింగర్ అని ఒక కంపెనీ ఉంది. 1989 నుంచి 1994 దాకా వచ్చిన పోర్షే 911 తీసుకుని బోల్టు బోల్టూ విప్పి మళ్లీ కడతారు. దాని ఖరీదులో మన కోనసీమలో కొబ్బరితోట కొనుక్కోవచ్చు.

పూతరేకు | జనవరి 8, ఉదయం 7:05

సింగరా? మా అమ్మ దగ్గర 1962 సింగర్ ఉంది అన్నయ్యా. కాలుతో తొక్కేది. మోటారు పెట్టించాం, అంటే మార్పు చేసినదే. పోటీకి పంపించమంటారా? అది కూడా రెండు సీట్లే, ఒకటి అమ్మది, ఒకటి పిల్లిది.

ఎడ్లపందెం_బాబాయ్ | జనవరి 8, ఉదయం 8:20

ఇంత సదువుకున్నారు, ఇంత చిన్న విషయం తెలీదేటర్రా? బండలాగుడు పందేలకి ఎప్పుడన్నా వచ్చారా? అక్కడ గిత్త నోరు తెరిచి పళ్లు చూత్తారు. పాలపళ్లయితే పాలపళ్ల విభాగం, రెండు పళ్లకి వేరే, నాలుగు పళ్లకి వేరే, ఆరుకి వేరే. ఆపైన సీనియర్లు. రోజూ పొలానికి ఎళ్లే ఎడ్లకి సేద్యపు విభాగం. ఎవడికీ గొడవ ఉండదు.

కార్లకీ అలాగే చెయ్యండి. బానెట్టు లేపి పళ్లు చూడండి. 30 ఏళ్లు నిండకపోతే పాలపళ్లు. రోజూ బజారుకి తిరిగేది సేద్యపు విభాగం.

డల్లాస్_గోదారి | జనవరి 8, ఉదయం 8:41

బాబాయ్, నవ్వుతారేమో గానీ ఫివా అని పాత వాహనాల ప్రపంచ సంఘం ఉంది, 1966 నుంచి. వాళ్ల లెక్క కూడా కనీసం 30 ఏళ్లే.

ఎడ్లపందెం_బాబాయ్ | జనవరి 8, ఉదయం 8:44

మన దగ్గర్నించే ఎత్తుకెళ్లుంటారు.

ఆర్సీ_మావయ్య | జనవరి 8, మధ్యాహ్నం 1:10

ఆఫీసులో ముప్ఫై ఏళ్లు ఫైళ్లు చూసినవాణ్ని కాబట్టి అడుగుతున్నాను, ఎవరూ ఏమీ అనుకోవద్దు. జిప్సీ ఇంజిన్ నంబరు హెరాల్డ్ ఆర్సీలో ఎక్కించారా? మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చదవండి. కంపెనీ ఇచ్చిన రూపానికి భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

ఇంకో మాట. 2021 జూలైలో కేంద్రం పాత బండ్లకి కొత్త రూల్సు ఇచ్చింది. 50 ఏళ్లు దాటితే వింటేజ్ కింద రిజిస్ట్రేషన్, నంబరు మధ్యలో "వీఏ" అని వస్తుంది. కొత్తగా అయితే 20,000 రూపాయలు, పదేళ్లకి పనికొస్తుంది, తర్వాత 5,000. కానీ ఛాసీ (కింది చట్రం), బాడీ, ఇంజిన్ పెద్దగా మారి ఉండకూడదు. రోజువారీ పనులకి తిప్పకూడదు. ఈ హెరాల్డ్‌కి వయసు ఉంది, యోగం లేదు. పెళ్లికొడుకు ముదిరాక సంబంధాలు వస్తాయా?

ఫియట్_మాస్టారు | జనవరి 8, మధ్యాహ్నం 1:22

విన్నారా! నా బండికి 2028లో యాభై నిండుతాయి. ఆ రోజే దరఖాస్తు పెడతాను.

లంక_మెకానిక్ | జనవరి 8, రాత్రి 8:50

ఇప్పుడే షెడ్డు కట్టేసి వచ్చానండి. అందరూ హెరాల్డ్ మీద పడ్డారు కాబట్టి సెప్తాను, ఇనండి. ఆ బండి నా షెడ్డులో కట్టింది కాదు, ముందే సెప్పేత్తన్నాను.

హెరాల్డ్‌కి కింద ఇనప ఛాసీ విడిగా ఉంటాదండి. టాపు పైన బోల్టులతో బిగించి ఉంటాది. ఇప్పితే వచ్చేత్తాది, కొయ్యక్కర్లేదు. బరువంతా మోసేది ఛాసీ కాబట్టి టాపు లేకపోయినా బండి నిలబడతాది. ఇంగ్లండులో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అని స్పోర్ట్స్ కారు ఉండేది, 1962లో వచ్చింది. అది హెరాల్డ్ ఛాసీనే కొంచెం కురస చేసి కట్టిందండి. రెంటికీ గీత గీసింది కూడా మిఛెలొట్టి అనే ఇటలీ ఆయనే. అంటే హెరాల్డ్‌ని స్పోర్ట్స్ కారు చెయ్యడం పరాయి పిల్లని తెచ్చుకోడం కాదు, పెదనాన్న కొడుకు చొక్కా తొడుక్కోడం.

ఇంజిన్ సంగతీ అంతే. అసలుది 948 సీసీ, బండి పొడుగునా నిలువుగా ఉంటాది, వెనక చక్రాలు తిప్పుతాది. జిప్సీదీ నిలువే, వెనక్కే. మారుతి ఎస్టీమ్ ఇంజిన్ అడ్డంగా ఉంటాది, అది పెడితే నానా తిప్పలు. కాబట్టి ఎవరో తెలిసినోడే సేశాడు.

అంబాసిడర్ అలా కాదండి. దానికి విడిగా ఛాసీ లేదు, బాడీయే ఛాసీ. టాపు కోసేత్తే గుడ్డు పెంకు పైభాగం తీసేసినట్టే. కింద ఇనప రేకులు అడ్డంగా వెల్డింగ్ సెయ్యకపోతే గోతిలో దిగినప్పుడల్లా నడుం వంగిపోతాది. పోయిన మాఘంలో ఒక పెళ్లిలో సూశాను. కాలవ వంతెన ఎక్కేసరికి ఎడమ తలుపు దానంతటదే తెరుచుకుంది. పెళ్లికూతురు గట్టిది కాబట్టి పెళ్లికొడుకుని పట్టుకుంది.

కాలవగట్టు_కుర్రాడు | జనవరి 8, రాత్రి 9:05

అన్నయ్యా, ఇదీ కావలసింది! ఇంకా ఏం చూడాలి?

లంక_మెకానిక్ | జనవరి 8, రాత్రి 9:31

ముందు ఇంజిన్ సూడకు, బ్రేకులు సూడు. 948 సీసీ తీసి 1298 పెట్టి, పాత డ్రమ్ము బ్రేకులే ఉంచితే అది కారు కాదు, తాడు లేని గిత్త. బలం పెంచినోడు ముందు చక్రాలకి డిస్కు బ్రేకులు పెట్టాడా లేదా, చక్రం మధ్యలోంచి తొంగి చూత్తే తెలిసిపోతాది.

రెండోది అయస్కాంతం. పాత స్పీకరు పగలగొట్టి లోపల గుండ్రటిది తీసుకో. రంగు గీసుకుపోకుండా చేతిరుమాల్లో చుట్టు. రేకు మీద పెడితే టప్పున పట్టుకుంటాది. పుట్టీ (రేకు గుంటలు పూడ్చే ముద్దండి) దట్టంగా ఉన్నచోట పట్టు ఉండదు, జారిపోతాది. మనది ఉప్పు గాలి కదండి, అంతర్వేది నించి రాజోలు దాకా తలుపుల అంచులు, చక్రాల పైన రేకులూ తినేత్తాది. టింకరింగ్ సేయించడానికి డబ్బులు లేక పుట్టీతో పూసేసినోళ్లు సానామంది. పూతరేకులకి మడతలున్నట్టు పొరలు పొరలు.

పూతరేకు | జనవరి 8, రాత్రి 9:33

పూతరేకుల జోలికి రాకండి అన్నయ్యా. మా ఆత్రేయపురంలో లోపల బెల్లం ఉందో పంచదార ఉందో ముందే చెప్పి అమ్ముతాం.

కాలవగట్టు_కుర్రాడు | జనవరి 8, రాత్రి 9:50

అక్కా, ఆ మాట రాసుకున్నాను. నిజంగా. మార్కుల పట్టీలో మొదటి గడి అదే. ఏం మార్చావో ముందే చెప్తే మార్కులు. చెప్పకుండా నాకు దొరికితే కోత.

ఫియట్_మాస్టారు | జనవరి 8, రాత్రి 9:58

దొంగతనం ఒప్పుకున్నవాడికి బహుమతా? బాగుంది వరస. మా డాక్టరుగారికి కూడా ఒక అయస్కాంతం ఇవ్వు నాయనా, అసలు కారంటే ఏంటో తెలుస్తుంది.

నర్సాపురం_నల్లకాంటెస్సా | జనవరి 11, సాయంత్రం 5:15

ఈ చర్చలో నా బండి గురించి "నేలమీద పాకుతూ" అని రాశారని మిత్రుడు పంపించాడు. అందుకే సభ్యుడిగా చేరాను.

కాంటెస్సా అంటే ఇంగ్లండు వాక్స్‌హాల్ బాడీ, ఇసుజు 1.8 ఇంజిన్. ఆ రోజుల్లో ఇంతకంటే దర్జా ఏది? స్ప్రింగులు రెండు చుట్లు కోయించాను, అంతే. చూపు కోసం. మార్కుల్లో చూపుకి ఎన్ని?

కాలవగట్టు_కుర్రాడు | జనవరి 11, సాయంత్రం 5:40

అన్నయ్యా క్షమించండి. ఒక్కటి చెప్పండి, నర్సాపురం నుంచి ఎలా వస్తారు? చించినాడ వంతెన మీంచా, గోదారి దాటించే పంటు (బల్లకట్టు) మీదా?

నర్సాపురం_నల్లకాంటెస్సా | జనవరి 11, సాయంత్రం 5:44

పంటు మీదే. ఎదురుగా సఖినేటిపల్లి కనిపిస్తుంటే చుట్టూ తిరగడమెందుకు?

లంక_మెకానిక్ | జనవరి 11, సాయంత్రం 5:45

🙏

కాలవగట్టు_కుర్రాడు | జనవరి 12, ఉదయం 10:00

సరే, కమిటీకి పట్టీ ఇచ్చేశాను. చెప్పి చేసిన మార్పులకి 30. బ్రేకులకి 25. పని నేర్పుకి 15. తొయ్యకుండా స్టార్ట్ అయితే 10. మిగిలిన 20 పంటు పరీక్షకి: కారు ఏదైనా సరే, సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి దిగాలి. గోదారి జిల్లాల్లో ఉండి పంటు ఎక్కలేని బండి ఎంత అందంగా ఉంటే మాత్రం ఏం లాభం?

కాజాల డబ్బాలు, పూతరేకుల పెట్టెలు ఇంటికి పంపుతున్నవారికి: మా అమ్మ తీసుకుంటోంది, నాకు సంబంధం లేదు.

డల్లాస్_గోదారి | జనవరి 12, ఉదయం 10:20

పెబుల్ బీచ్‌లో పంటు పరీక్ష పెడితే సగం కార్లు పసిఫిక్‌లో ఉంటాయి.

కాలవగట్టు_కుర్రాడు | జనవరి 18, ఉదయం 11:30

బతికే ఉన్నాను. నిన్న జరిగింది చెప్తాను, కాఫీ తెచ్చుకోండి.

ముందు పంటు. హెరాల్డ్ గంతులేసుకుంటూ ఎక్కింది, దిగింది. అది ఎంత తక్కువ చోటులో తిరుగుతుందంటే (25 అడుగుల వలయం చాలు), పంటు మీదే వెనక్కి తిరిగి నిలబడింది. పంటు నడిపే పెద్దాయన చప్పట్లు కొట్టారు. శాన్ స్టార్మ్ కూడా గట్టెక్కింది. అంబాసిడర్‌ని పంటు ఎక్కించడానికి యజమానే ఒప్పుకోలేదు, తలుపులకి తాడు కట్టుకుని వచ్చాడు. కాంటెస్సా ముందు చక్రాలు పలక మీదికి ఎక్కాయి. బండి మధ్యలో కర్రరంపం కోస్తున్నట్టు చప్పుడు. వెనక చక్రాలు ఎక్కేసరికి సైలెన్సరు ఒడ్డునే ఉండిపోయింది.

ఆయన తొణకలేదు. సైలెన్సరు వెనక సీట్లో పెట్టుకుని, పులిలా గర్జించుకుంటూ మైదానానికి వచ్చి, నా పట్టీలో తన చేత్తోనే "తాజా మార్పు: సైలెన్సరు తొలగింపు" అని రాశారు. చెప్పి చేసిన మార్పే కదా. ఇవ్వక తప్పలేదు.

తర్వాత అయస్కాంతం. శాన్ స్టార్మ్ బానెట్టు మీద పెట్టాను, జారిపోయింది. తలుపు మీద, జారిపోయింది. వెనకాల, అక్కడా అంతే. "బండంతా పుట్టీయేరా!" అని మన ఎడ్లపందెం బాబాయ్ అరిచేశారు. జనం గోల. యజమాని ముఖం కందగడ్డ. అప్పుడు గుర్తొచ్చింది, గోవాలో కట్టిన ఆ బండి బాడీ మొత్తం ఫైబర్‌ది. ఇనుము లేనిచోట అయస్కాంతం ఏం చేస్తుంది? మైకులో క్షమాపణ చెప్పాను. అయినా ఆయన భోజనానికి రాలేదు.

ఇక హెరాల్డ్. కుర్రాడిది సఖినేటిపల్లి దగ్గరే. ఒక నోటుబుక్కు ఇచ్చాడు. ఏ రోజు ఏ బోల్టు విప్పాడో, ఎక్కడ వెల్డింగ్ చేయించాడో అంతా అందులో ఉంది, ఆర్సీలో ఇంజిన్ ఎక్కించిన కాగితం జెరాక్సు కూడా అంటించి ఉంది (ఆర్సీ మావయ్య గమనించగలరు). ముందు డిస్కులు ఉన్నాయి. పాత ఇంజిన్ ఏం చేశావని అడిగాను. గ్రీజు పూసి, గోనెసంచి చుట్టి, పశువుల పాకలో అటక మీద పెట్టాడట. టాపు కూడా అక్కడే. దాని బోల్టులు హార్లిక్స్ సీసాలో వేసి, సీసా మీద చీటీ అంటించాడు: "తాతయ్య అడిగితే మళ్లీ బిగించాలి."

తాతయ్య పక్కనే కుర్చీలో ఉన్నారు. అడుగుతారా అన్నాను. "ముందు నన్నోసారి తిప్పమను, తర్వాత చూద్దాం" అన్నారు.

88 వేశాను. మొదటి బహుమతి.

లంక_మెకానిక్ | జనవరి 18, మధ్యాహ్నం 12:02

సరే కానీ, అసలు సంగతి దాటేశారు. డాక్టరుగారి విభాగంలో ఏం జరిగిందండి? ఇక్కడ రావులపాలెం దాకా పాకింది.

కాలవగట్టు_కుర్రాడు | జనవరి 18, మధ్యాహ్నం 12:20

అది నేను రాయకూడదు అన్నయ్యా.

ఎడ్లపందెం_బాబాయ్ | జనవరి 18, మధ్యాహ్నం 12:31

నేను రాత్తాను, మైకు నా చేతిలోనే ఉంది. డాక్టరుగారు ముందు స్టెతస్కోపు పెట్టి ఇంజిన్ విన్నారు. గుండె భేషుగ్గా ఉందన్నారు. తర్వాత ఈ కుర్రాడి అయస్కాంతం తీసుకుని మాస్టారి తెల్ల ఫియట్ చుట్టూ తిరిగారు. బానెట్టు మీద టప్పు. కుడి తలుపు టప్పు. డిక్కీ టప్పు. ఎడం వెనక చక్రం పైన పెట్టి చెయ్యి తీశారు. రుమాలుతో సహా నెమ్మదిగా, అరటిపండు తొక్క జారినట్టు జారి, డాక్టరుగారి చెప్పు మీద పడింది. ఇంకోసారి పెట్టారు. ఇంకోసారి పడింది.

ఎవరూ మాట్టాడలేదు. నేనే మైకులో అన్నాను, "ఎడం వెనక కాలు కట్టుడు కాలండోయ్!" అని. అనకుండా ఉండాల్సింది. అలవాటు.

పూతరేకు | జనవరి 18, మధ్యాహ్నం 12:33

మాస్టారూ?

పూతరేకు | జనవరి 18, సాయంత్రం 6:10

మాస్టారూ, మీరు ఆన్‌లైన్‌లోనే ఉన్నట్టు పచ్చ చుక్క కనిపిస్తోంది.

ఫియట్_మాస్టారు | జనవరి 18, రాత్రి 9:15

సభ్యులకు నమస్కారం. నా వివరణ దయచేసి పూర్తిగా చదవండి.

1996 నవంబరు 6 రాత్రి తుఫాను మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. కోనసీమలో కొబ్బరిచెట్టు నిలబడిన తోట లేదు. మా పెరట్లో చెట్టు షెడ్డు మీద పడింది, షెడ్డు కారు మీద పడింది. ఎడం వెనక భాగం అప్పడమైంది. చెట్లు పోయిన ఏడాది ఎవరి దగ్గర డబ్బులున్నాయి? కొత్త రేకు దొరకలేదు, దొరికినా కొనేవాణ్ని కాదు. పుట్టీ పెట్టించాను. ఆ తర్వాత నేనే మర్చిపోయాను. మర్చిపోవాలనే మర్చిపోయాను కూడా.

అయితే నా వాదన ఒకటుంది. ఆ పుట్టీ కూడా ఇప్పుడు పాతదే. దాన్ని మళ్లీ ఎవరూ ముట్టుకోలేదు. ఒరిజినల్ పుట్టీ. పాత బండిని ఉన్నదున్నట్టు కాపాడినట్టే కదా?

డల్లాస్_గోదారి | జనవరి 18, రాత్రి 9:22

మాస్టారూ, ఒప్పుకోక తప్పదు, పాయింటే!

ఆర్సీ_మావయ్య | జనవరి 18, రాత్రి 9:30

పుట్టీని బాడీ మార్పుగా లెక్కించాలా వద్దా అనేది 2028లో దరఖాస్తు వచ్చినప్పుడు చూద్దాం. మాస్టారు కంగారు పడొద్దు. ఫైలు ఇప్పటినుంచే కట్టుకోండి, తుఫాను నాటి ఫొటో ఉంటే జతచెయ్యండి.

ఎడ్లపందెం_బాబాయ్ | జనవరి 18, రాత్రి 9:34

96 నవంబరు అంటే ఆ పుట్టీకి 30 నిండడానికి ఇంకా పది నెలలు ఉంది. పాలపళ్లే.

ఫియట్_మాస్టారు | జనవరి 18, రాత్రి 9:36

వచ్చే సంక్రాంతికి నిండుతాయి కదా. రెండు పళ్ల విభాగంలో నా పుట్టీ పేరు రాసుకోండి.

నర్సాపురం_నల్లకాంటెస్సా | జనవరి 18, రాత్రి 9:50

మధ్యలో వస్తున్నందుకు క్షమించాలి. నా సైలెన్సరు వెనక్కి బిగించుకోవాలి. లంక మెకానిక్ గారూ, రేపు షెడ్డు ఎన్నింటికి తీస్తారు?

లంక_మెకానిక్ | జనవరి 18, రాత్రి 9:52

ఎనిమిదింటికండి. చించినాడ వంతెన మీంచి రండి.